నడి నట్టు విప్పే ముందు

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. ఆ బండిని జాగ్రత్తగా చూసుకుంటూ నడుపుకునేవాళ్లు మాత్రం మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వయసు మీరిన కారు మొదట మొరాయించేది ముందు చక్రాల దగ్గరే. గతుకుల్లో దడదడమంటుంది, షాక్ అబ్జార్బర్ నుంచి నూనె కారుతుంది. బాగుచేయడం పెద్ద పనేమీ కాదు. కానీ అందులో ఒక మెట్టు దగ్గర ఏమరితే ప్రాణం మీదికి వస్తుంది. అది కాయిల్ స్ప్రింగును అదిమి ఉంచడం.

ఈ కారు ముందు చక్రాలకు ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన ఈ ఏర్పాటును ఫోర్డ్ కంపెనీ 1950లో బ్రిటన్‌లో కాన్సల్, జెఫిర్ కార్లకు పెట్టింది. నడుమ షాక్ అబ్జార్బరు, దాని చుట్టూ స్ప్రింగు, పైన ఒక కప్పు, ఆ కప్పును పట్టి ఉంచే నట్టు ఒకటి. చోటూ ఖర్చూ కలిసొస్తాయి కాబట్టి చిన్న కార్లకు బాగా నప్పింది.

ప్రమాదమంతా ఆ నడి నట్టు దగ్గరుంది. జాకీ వేసి ఎత్తాక చక్రం వేలాడుతుంటే స్ప్రింగు మీద ఒత్తిడి పోయిందనుకుంటాం. పోదు. స్ట్రట్టును ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టినా స్ప్రింగు తన అసలు పొడవుకు సాగలేక, పై కప్పుకూ కింది పళ్లేనికీ మధ్య బిగుసుకునే ఉంటుంది. దాన్ని ఆపుతున్నది ఆ ఒక్క నట్టే.

ఎంత బలం? మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బిగువున్న స్ప్రింగును ఉదాహరణగా తీసుకుందాం. దాన్ని 15 సెంటీమీటర్లు అదిమితే 3000 న్యూటన్లతో, అంటే సుమారు 300 కిలోల బరువంత బలంతో ఎదురు నెడుతుంది. అందులో నిలవున్న శక్తి 225 జౌళ్లు. 23 కిలోల ఇనప దిమ్మ మీటరు ఎత్తు నుంచి పడినంత దెబ్బ అది. అదిమిన దూరం రెట్టింపైతే ఆ శక్తి నాలుగు రెట్లవుతుంది. అందుకే అవసరానికి మించి ఒక్క చుట్టు కూడా బిగించకూడదు.

కారును చదునైన నేల మీద నిలిపి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టాలి. బానెట్ ఎత్తితే కనిపించే చుట్టుపక్కల నట్లు, కింద చక్రం వైపు బోల్టులు తీస్తే స్ట్రట్టు మొత్తంగా చేతికొస్తుంది. ఈ దశలో నడి నట్టు జోలికి పోవద్దు.

మామూలు స్ప్రింగ్ కంప్రెసర్ అంటే కొక్కేలున్న రెండు మర కడ్డీలు. వాటిని స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా, వీలైనన్ని ఎక్కువ చుట్టలు మధ్యలో వచ్చేలా తగిలించాలి. కొక్కెం జారకుండా ఆపే పిన్ను ఉంటే తప్పక వేయాలి. మరలకు గ్రీజు రాసి, చేతి పానాతోనే, ఇటు కొన్ని చుట్లు అటు కొన్ని చుట్లు తిప్పాలి. ఎయిర్ గన్‌తో వేగంగా తిప్పితే మర వేడెక్కి అరుగుతుంది, ఒకవైపు ఎక్కువ బిగిసి స్ప్రింగు వంకరపోతుంది. వంగిన స్ప్రింగే కొక్కేన్ని తన్నేసి ఎగిరేది. ముఖం గానీ చేయి గానీ స్ప్రింగు కొసలకు ఎదురుగా ఉండకూడదు. ఆ కొసల వైపు మరో మనిషీ నిలబడకూడదు.

స్ప్రింగు తన గూటిలో వదులై చేత్తో అటూ ఇటూ కదిలితే చాలు, అక్కడ ఆపాలి. నడి నట్టు విప్పేది అప్పుడే. తిరిగి బిగించేటప్పుడు స్ప్రింగు కొస పళ్లెంలోని మెట్టుకు ఆనిందో లేదో చూసి, కొత్త లాక్ నట్టు పూర్తిగా వేశాకే కంప్రెసర్‌ను, మళ్లీ అటూ ఇటూ సమానంగా, వదలాలి. షాక్ అబ్జార్బర్ కడ్డీని కటింగ్ ప్లేయరుతో పట్టుకోవద్దు. దాని మీద గీత పడితే ఆయిల్ సీలు చిరిగి కొత్తది కూడా కారుతుంది.

విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల కార్లకు తుప్పు బెడద అదనం. పెచ్చులు లేచిన స్ప్రింగు మీద కొక్కెం నిలవదు, చుట్ట విరిగి ఉంటే అసలు తగిలించనే కూడదు. తాడుతోనో బైండింగు వైరుతోనో చుట్టలు కట్టి నట్టు విప్పడం, గ్యాసుతో కాల్చి స్ప్రింగును కురచ చేయడం ఎవరు చేసినా తప్పే. వేడి తగిలిన ఉక్కు తన బిగువు కోల్పోతుంది. అలాంటి స్ప్రింగు తర్వాత రోడ్డు మీద విరగవచ్చు.

స్ట్రట్టు ఊడదీయడం వరకు ఓపికున్న యజమాని ఇంట్లో చేసుకోవచ్చు. స్ప్రింగు మార్చడానికి మాత్రం దాన్ని గోడకో బల్లకో బిగించిన పెద్ద కంప్రెసర్ ఉన్న షెడ్డుకు పట్టుకెళ్లండి. షెడ్డు నడిపేవారికి ఒక విన్నపం: పని నేర్చుకుంటున్న కుర్రాడి చేతికి ఈ పనిని ఒంటరిగా అప్పగించకండి.