నీళ్ళు నమిలే సాక్షి

1937 మార్చి 23, మంగళవారం మధ్యాహ్నం. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి పూరీ స్టేషన్లో బండి ఖాళీ అయ్యాక, ఒక మూడో తరగతి బోగీలో స్టీలు ట్రంకు ఒకటి మిగిలిపోయింది. నాదీ అని వచ్చినవాడు లేడు. మూత తీసి చూస్తే లోపల ఏడు ముక్కలు చేసిన ఒక మనిషి శవం ఉంది.

ఆనాడు పోలీసులకు ముందు దొరికింది హంతకుడు కాదు, సాక్షీ కాదు. దొరికింది ఒక సామాను. అది ఎవరిది, ఎక్కడ కొన్నారు, ఎవరు మోసుకొచ్చారు అన్న మూడు ప్రశ్నల మీదే కేసంతా నిలబడింది. లా చదివే మిత్రులకు ఇది పాకాల నారాయణస్వామి కేసుగా పరిచితమే. మరణవాఙ్మూలం గురించి, నేరాంగీకారం గురించి పరీక్షలో రాయటానికి దీన్ని బట్టీ పట్టటం మన పరిపాటి. నా మటుకు నాకు ఆ తీర్పులో ఎక్కువ మక్కువ కలిగించేది మూడో సంగతి: అనుమానాస్పదమైన వస్తువును గురించి పోలీసు అధికారి అడుగుతాడు, ఎదుటివాడు నీళ్ళు నములుతాడు, ఆ నమిలిన మాటకు చట్టం ఏం విలువ కడుతుంది? ఈ వ్యాసంలో దాన్ని గురించే నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

ముందు కథ పూర్తి చేద్దాం. చనిపోయినాయన మన పిఠాపురం మనిషి, దివానుగారి కొలువులో ప్యూనుగా చేసినవాడు. కొన్నాళ్ళకు గాని శవాన్ని ఆయన భార్య గుర్తుపట్టలేదు. బరంపురంలో కాపురముంటున్న నారాయణస్వామి ఆ దివానుగారి అల్లుడు. నారాయణస్వామి భార్య 1936లో ఈ ప్యూను దగ్గర నూటికి పద్దెనిమిది వడ్డీకి మూడు వేల రూపాయలు అప్పు తీసుకుంది. ఆ అప్పు తాలూకు ఉత్తరాలు, చీటీలు యాభై దాకా ఆయన ఇంట్లో దొరికాయి. బాకీ తీసుకోవటానికి రమ్మని కబురొచ్చిందని భార్యతో చెప్పి, మార్చి 21న బరంపురం బండెక్కాడు. మళ్ళీ రాలేదు. ఆ ట్రంకు బరంపురంలో కొన్నదేననీ, నారాయణస్వామి ఇంటి నుంచి జట్కాలో స్టేషనుకు చేరిందనీ ప్రాసిక్యూషన్ వాదం.

ఏప్రిల్ మొదటి వారంలో పోలీసులు నారాయణస్వామిని అడిగారు. ఆయన చెప్పినదాని సారాంశం ఇదీ: ఆ మనిషి 21 సాయంత్రం మా ఇంటికి వచ్చిన మాట నిజమే, రాత్రి బయటి గదిలో పడుకున్నాడు, 22 సాయంత్రం పాసింజరు బండికి వెళ్ళిపోయాడు.

ఈ జవాబు అల్లిక చూడండి. ‘నేనెరగను’ అని బుకాయించలేదు. వచ్చినట్టు నలుగురూ చూసి ఉంటారు గనక అంతవరకూ ఒప్పుకున్నాడు. తనకు ఇబ్బంది మొదలయ్యే గడియ దగ్గర మాత్రం ఆ మనిషిని బండెక్కించి పంపేశాడు. తప్పించుకు మాట్లాడేవాడు సాధారణంగా పూర్తి అబద్ధం ఆడడు. ముప్పాతిక నిజం చెప్పి, పావు వంతు దాస్తాడు. ఆ పావు వంతులోనే అసలు సంగతంతా ఉంటుంది.

కేసు ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1939లో లార్డ్ అట్కిన్ తీర్పు చెబుతూ ఆ మాటలను సాక్ష్యంలోంచి తీసి పక్కన పెట్టేశారు. దర్యాప్తులో పోలీసులు ‘ఏ వ్యక్తిని’ అడిగినా అతని మాటను విచారణలో వాడుకోరాదని చట్టం అంటున్నప్పుడు, తరవాత ముద్దాయిగా మారినవాడు కూడా ఆ ‘ఏ వ్యక్తి’లోకే వస్తాడన్నారు. ఆ వాఙ్మూలం నేరాంగీకారం కూడా కాదన్నారు. అయినా మిగిలిన సాక్ష్యం చాలునని అప్పీలు కొట్టేశారు. అంటే అధికారి కష్టపడి రాబట్టిన మాట బుట్టదాఖలైంది. ట్రంకూ, ఉత్తరాలూ, భార్య చెప్పిన మాటా నిలిచాయి.

ఇక చట్టం సంగతి. మనం చదువుకున్న పాత నంబర్లు 2024 జూలై 1 నుంచి మారిపోయాయి గనక రెండూ చెబుతాను. సాక్షిని పిలిపించే అధికారం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 160, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 179. పిలుపు లిఖితపూర్వకంగా ఉండాలి; ఆ స్టేషను పరిధిలోనో, దాన్ని ఆనుకున్న స్టేషను పరిధిలోనో ఉన్నవాణ్ణే పిలవాలి. ఆడవాళ్ళనూ, పదిహేనేళ్ళ లోపు, అరవై దాటిన మగవాళ్ళనూ, దివ్యాంగులనూ, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్ళనూ వారుండే చోటనే ప్రశ్నించాలి, వాళ్ళంతట వాళ్ళు వస్తామంటే తప్ప. ‘ఓసారి స్టేషనుకు రమ్మన్నారు’ అని కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడి చెప్పే కబురుకు ఈ సెక్షను కింద పిలుపు అన్న హోదా లేదు. ఈ ఒక్క ముక్క మన ఊళ్ళలో తెలిసినవాళ్ళు ఎందరో నాకు అనుమానమే.

ప్రశ్నించే అధికారం పాత 161, కొత్త 180. సాక్షి నిజం చెప్పి తీరాలి. అయితే ఏ జవాబు తన మీదికి నేరారోపణ తెచ్చిపెట్టేలా ఉంటుందో ఆ జవాబు చెప్పనక్కరలేదు. కారణం లేకుండా నోరు మూసుక్కూర్చుంటే భారతీయ న్యాయ సంహిత 214 కింద, అంటే పాత శిక్షాస్మృతి 179 కింద, ఆరు నెలల దాకా సాధారణ జైలు వేయవచ్చు. కాని ఆ కేసును కోర్టు తీసుకోవాలంటే సదరు అధికారో, ఆయన పైవాడో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. కనుక ఈ కత్తి ఒరలోంచి బయటికి రావటం అరుదు.

ఉదాహరణకు ఒక తాకట్టు కొట్టు ఊహించుకుందాం. దొంగతనం జరిగిన పది రోజులకు అక్కడొక గొలుసు కనబడింది. సబిన్స్పెక్టరు అడుగుతున్నాడు.

“ఈ గొలుసు ఎవరు తెచ్చారు?”

“మన ఊరివాళ్ళేనండి.”

“పేరు?”

“మొహం చూస్తే గుర్తుపడతానండి. పేరు చప్పున నోటికి రావట్లేదు.”

“పుస్తకంలో రాశావా?”

“రాసే ఉంటామండి. ఆ పుస్తకాలు మా బావమరిది చూస్తాడు.”

“అతనెక్కడ?”

“పెళ్ళికెళ్ళాడండి.”

నాలుగు ప్రశ్నలకూ నాలుగు జవాబులు వచ్చాయి, సమాచారం మాత్రం రాలేదు. ఇక్కడ సహనం చచ్చి అధికారి చెయ్యెత్తితే, ఆ క్షణం నుంచీ కేసు పాడైనట్టే. న్యాయం మాట అటుంచి, కేవలం పనితనం దృష్టితో చూసినా అది తెలివితక్కువ పని. ఈ కొట్టుగలాయన ఎందుకు తప్పించుకుంటున్నాడో అధికారికి ఇంకా తెలియదు. దొంగతో లాలూచీ ఉండొచ్చు. గొలుసు తెచ్చినవాడంటే భయం ఉండొచ్చు. నేననుకోవటం, చాలా చోట్ల మూడో కారణమే ఎక్కువ: చెబితే గొలుసు పోతుంది, ఇచ్చిన రొక్కం పోతుంది, కోర్టు చుట్టూ నాలుగేళ్ళు తిరగాలి. దొంగ కాకపోయినా దొంగలాగే మాట్లాడతాడు. దెబ్బకు ఈ ముగ్గురూ ఒకే మాట చెబుతారు గనక ఎవరు ఎవరో తేల్చటానికి దెబ్బ పనికిరాదు.

పనికొచ్చేవి చిన్న ప్రశ్నలు. ఎంత తూగింది? ఎంత ఇచ్చావు? చేతికిచ్చావా, ఫోన్లో పంపావా? ఆ పూట కొట్లో ఇంకెవరున్నారు? వీటిలో ప్రతి జవాబునూ మరో చోట సరిచూసుకోవచ్చు. నాలుగు తులాల గొలుసుకు తులం ధర కూడా ఇవ్వలేదంటే, పేరు గుర్తులేదన్న మాటకు అర్థం మారిపోతుంది. దొంగ సొత్తు దొంగతనమైన కొద్దిరోజులకే ఒకడి దగ్గర దొరికి, అదెలా వచ్చిందో వాడు చెప్పలేకపోతే, వాడే దొంగ అని గాని, తెలిసే పుచ్చుకున్నాడని గాని కోర్టు ఊహించవచ్చు. ఇది పాత సాక్ష్య చట్టం 114లో మొదటి ఉదాహరణ, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 119. ‘ఊహించవచ్చు’ అన్నారే గాని ‘ఊహించి తీరాలి’ అనలేదు. ఆ వెంటనే చట్టమే ఎదురు ఉదాహరణ ఇస్తుంది: గుర్తు వేసిన రూపాయి ఒకటి పోయిన కొద్దిసేపటికే దుకాణదారు గల్లాపెట్టెలో దొరికింది, అదెలా వచ్చిందో ఆయన చెప్పలేకపోతున్నాడు, కాని ఆయన వ్యాపారమే రోజంతా రూపాయలు పుచ్చుకోవటం కదా! 1872లో ఈ చట్టం రాసినవాళ్ళకు బజారు తెలుసునని ఇక్కడ ఒప్పుకోవాలి.

మన కొట్టుగలాయన ఇంతవరకూ సాక్షి. ఆ అరతులం ధర బయటపడ్డ నిమిషంలో అనుమానితుడయ్యాడు. కుర్చీ మారలేదు, ప్రశ్నలడిగేవాడు మారలేదు. చట్టం దృష్టిలో మనిషి మారాడు. ఈ గీత మీదే 1978లో సుప్రీంకోర్టు నందినీ శతపథి కేసులో ప్రసిద్ధమైన తీర్పు చెప్పింది. ఆమె ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి. ఆస్తులెక్కడివని విజిలెన్సు పోలీసులు 1977లో ఆమెను కటక్‌లో స్టేషనుకు పిలిచి, రాతపూర్వకంగా ప్రశ్నల జాబితా ఇచ్చారు. ఆమె జవాబివ్వలేదు, ఇవ్వనందుకు 179 కింద కేసు పెట్టారు. రాజ్యాంగం 20(3) ఇచ్చిన మౌనహక్కు కోర్టు బోనులోనే కాదు, పోలీసు ప్రశ్నల దగ్గరే మొదలవుతుందని జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. స్త్రీని స్టేషనుకు పిలవటం తప్పన్నారు. అలాగని నోరు విప్పకుండా ఉండే హక్కు పూర్తిగా ఇచ్చారా అంటే, లేదు. తనను నేరంలో ఇరికించని ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతానని ఆమె ఒప్పుకున్న మీదటే ప్రాసిక్యూషన్‌ను కొట్టేశారు. నేరాన్ని నేరుగా ఒప్పుకునే జవాబే కాదు, గొలుసులో ఒక లంకె అందించే జవాబు కూడా ఇరికించేదేనని తీర్పు. ఈ రక్షణ మాటకే గాని చేతికి లేదు: వేలిముద్ర, చేతిరాత నమూనా ఇమ్మంటే అది తన మీద తానే సాక్ష్యం చెప్పటం కాదని 1961లో కాఠీ కాలు కేసులో పదకొండుమంది జడ్జీలు తేల్చారు. సమ్మతి లేకుండా నార్కో పరీక్ష కూడదని 2010లో సెల్వీ కేసులో అన్నారు.

మనిషి కస్టడీలోకి వెళ్ళాక సామాను బయటపడితే మరో లెక్క. దానికి మన గుంటూరు జిల్లా కేసే దేశానికంతటికీ దారి చూపింది: పులుకూరి కోటయ్య కేసు, ప్రీవీ కౌన్సిల్ 1946 డిసెంబరు తీర్పు. నేను పొడిచాను, ఈటెను ఫలానా చోట దాచాను, వస్తే చూపిస్తాను అని ముద్దాయి అన్నాడు. ఈటె దొరికింది. దాచానన్నంత వరకే సాక్ష్యం, పొడిచానన్నది సాక్ష్యం కాదు అన్నారు జడ్జీలు. దొరికింది ఈటె ఒక్కటే కాదు, అది అక్కడున్నట్టు ఇతనికి తెలుసునన్న విషయం. అంతకు మించి చట్టం ఒక్క మాట కూడా లోపలికి రానివ్వదు. పాత 27వ సెక్షను ఇప్పుడు 23లో భాగం.

సామాను స్వాధీనం చేసుకోవటానికి మాత్రం అధికారికి విశాలమైన చేయి ఉంది. దొంగసొత్తని అనుమానమున్నా, నేరం జరిగిందన్న శంక పుట్టించే పరిస్థితుల్లో దొరికినా పట్టుకోవచ్చు. వెంటనే మేజిస్ట్రేటుకు తెలపాలి (పాత 102, కొత్త 106). అయితే ఇల్లూ వాకిలీ పొలమూ ఇందులోకి రావని సుప్రీంకోర్టు 2019లో నెవాడా ప్రాపర్టీస్ కేసులో చెప్పింది. పట్టుకున్న వాహనాలను స్టేషను ఆవరణలో తుప్పు పట్టనివ్వకుండా తగిన పూచీ మీద త్వరగా వదలాలని 2002లోనే సుందర్‌భాయ్ కేసులో చెప్పారు. ఏ పోలీసు స్టేషను ముందైనా ఒకసారి ఆగి చూస్తే, ఆ తీర్పు ఎంతవరకు అమలవుతోందో మీకే బోధపడుతుంది.

మరి పోలీసులకు చెప్పిన మాట పనికిరాదంటే, నీళ్ళు నమిలినా నష్టం లేదు కదా అని మా జూనియర్ మిత్రుడొకరు అడిగారు. నష్టముంది. ఆ మాట నేరుగా సాక్ష్యం కాదు, నిజమే. కాని ఆ సాక్షి రేపు కోర్టులో వేరే మాట చెబితే, పాత మాట చూపించి నిలదియ్యవచ్చు. సాక్షిని తెచ్చింది ప్రాసిక్యూషనే గనక నిలదీసే హక్కు డిఫెన్సుదే. ప్రాసిక్యూషన్ అడగాలంటే కోర్టు అనుమతి కావాలి. ఆనాడు చెప్పకుండా వదిలేసింది ముఖ్యమైన సంగతైతే, ఆ వదిలెయ్యటం కూడా విరుద్ధమైన మాట కింద లెక్కకు రావచ్చు. అంటే కొట్టుగలాయన నిజానికి నిర్దోషే అయి, భయంతో పేరు దాచి, ఏడాది తరవాత బోనెక్కి ఆ పేరు చెప్పాడనుకోండి. దొంగ తరఫు లాయరు లేచి “ఆ రోజు పోలీసులకు ఈ పేరు ఎందుకు చెప్పలేదు?” అంటాడు. ఆ ప్రశ్నకు మంచి జవాబు నేనింతవరకూ వినలేదు. అసలు దొంగ ఆ సందులోంచే బయటపడతాడు, గొలుసు పోగొట్టుకున్న ఇల్లాలు చూస్తూ కూర్చోవాలి.

ఆఖరున, పాత ఫోనో పాత బండో కొనే మన విద్యార్థుల కోసం ఒక్క మాట. కొన్నప్పుడు అమ్మినవాడి పేరు, సంతకం, డబ్బు చెల్లించిన ఆధారం దగ్గర ఉంచుకోండి. నోటీసు వస్తే అవి పట్టుకుని వెళ్ళండి. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదనీ చెప్పండి. చెప్పిందంతా రాసి కింద సంతకం పెట్టమంటే, సాక్షి వాఙ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే అంటోందని (పాత 162, కొత్త 181) మర్యాదగా గుర్తుచెయ్యండి. సామాను స్వాధీనం చేసుకున్నట్టు రాసిన పంచనామా వేరే కాగితం. దానికి ఈ నిషేధం వర్తించదు. అయితే చదవకుండా మాత్రం దాని మీద చెయ్యి పెట్టకండి.