కాన్పు గదిలో సిస్టర్ ఒక్కరే ఉండరు

నల్లగొండ జిల్లా హాలియా చుట్టుపక్కల ఏ పల్లెలోనో తండాలోనో కాన్పు రోజులు దగ్గరపడితే ఇంటివాళ్ల ముందు మూడు నాలుగు దారులుంటాయి. నాగార్జునసాగర్‌లోని కమలా నెహ్రూ ఏరియా ఆస్పత్రి, మిర్యాలగూడ ఏరియా ఆస్పత్రి, నల్లగొండ పెద్ద దవాఖాన, లేదంటే ఏదో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్. ఎటు వెళ్లినా రాష్ట్రం లెక్క మాత్రం ఒకే వైపు మొగ్గుతోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో దాదాపు 61 పెద్దాపరేషన్లే. ప్రైవేటులో 81కి పైగా, సర్కారు దవాఖానల్లో 44కి పైగా. దేశం సగటు 21.5. ఒక జనాభా మొత్తంలో ఈ రేటు 10 శాతం దాటాక, దానివల్ల తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

ఈ అంకెలు చూడగానే ఎవరో ఒకరిని నిలదీయాలనిపిస్తుంది. డాక్టర్లకు డబ్బాశ అంటారు కొందరు. ఈ కాలం అమ్మాయిలు నొప్పులు ఓర్చుకోరంటారు ఇంకొందరు. నర్సులకు పాతకాలపు నేర్పు లేదంటారు మరికొందరు. చివరి రెండూ అన్యాయమైన మాటలు. మొదటిదాంట్లో కొంత నిజం ఉండొచ్చు గానీ, ఆపరేషన్ చేసినా చేయకున్నా జీతం మారని సర్కారు దవాఖానలో కూడా 44 ఎందుకుందో అది చెప్పలేదు. తప్పు మనిషిలో వెతికితే దొరకనప్పుడు, మనుషుల మధ్య ఉన్న లంకెల్లో వెతకాలి. వ్యవస్థాలోచన అంటే అదే.

ఇలాంటి లంకె ఎంత దూరం పోతుందో నల్లగొండ జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో వివరించారు. తర్వాతి పరిశోధనలో ఒక ఊహ ముందుకొచ్చింది. సాగర్ జలాశయం వల్ల భూగర్భ జలమట్టం పెరిగింది, దాంతో నేల గుణం మారింది, ఆ నేలలో పండిన జొన్నలోకి మాలిబ్డినం ఎక్కువగా చేరింది, అది ఒంట్లోని రాగిని తగ్గించింది, ఫ్లోరైడ్‌తో కలిసి ఎముకను దెబ్బతీసింది. డ్యామ్ కట్టిన ఇంజనీరు, జొన్న పండించిన రైతు, రొట్టె చేసి పెట్టిన తల్లి, వీళ్లలో ఎవరూ తప్పు చేయలేదు.

ఇప్పుడు కాన్పు గదికి వద్దాం. రాత్రి రెండు గంటల వేళ, తొలి కాన్పు అమ్మాయి, ఒకే స్టాఫ్ నర్సు. బయట అమ్మమ్మ, అత్తమ్మ, భర్త. గంట గడిచేసరికి, “సిస్టర్, బిడ్డ ఓర్వలేకపోతుంది, ఆపరేషన్ చేయమని మేడంకు చెప్పరాదు” అని అడుగుతారు. “నొప్పులు బాగానే వస్తున్నయమ్మా, ఇంకా టైముంది” అని చెప్పాలంటే ఆమెకు ధైర్యం కావాలి. ఏదైనా తేడా వస్తే నింద ముందు తనమీదే పడుతుంది. మత్తు డాక్టరు పగలే ఉంటే, రాత్రి ఇబ్బంది రాకముందే సాయంత్రమే కోసేద్దామనిపిస్తుంది. కొన్ని ఇళ్లలో ముహూర్తం ముందే పెట్టించుకుని వస్తారు. ఎలాగూ పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకోవాలి కదా, రెండూ ఒకేసారి అయిపోతాయని లెక్క వేసేవాళ్లూ ఉన్నారు. వీటన్నిటికీ మించిన లంకె ఇంకొకటుంది. తొలి కాన్పు కోతతో అయితే, మన దగ్గర రెండోదీ చాలావరకు కోతే. ఈ ఏడాది పెద్దాపరేషన్ మూడేళ్ల తర్వాతి పెద్దాపరేషన్‌కు కారణమవుతుంది. ఫలితమే తిరిగి కారణమై తనను తాను పెంచుకునే ఇలాంటి చక్రం వ్యవస్థల శాస్త్రంలో మొదటి పాఠం. ఎమ్‌ఐటీలో జే ఫారెస్టర్ 1956 నుంచి ఈ చక్రాలను గణితంగా అల్లుతూ ఆ శాస్త్రానికి పునాది వేశాడు.

ఇలాంటి చక్రాన్ని తెంచాలంటే మార్పు ఎలా వస్తుందో తెలియాలి. మార్పు గురించిన సిద్ధాంతాల్లో నర్సింగ్ విద్యార్థులు ముందు చదివేది మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కర్ట్ లెవిన్‌నే. గడ్డకట్టినదాన్ని కరిగించడం, కదిలించడం, కొత్త రూపంలో మళ్లీ గడ్డకట్టించడం అని ఆయన 1947లో చెప్పిన మూడు దశలను పరీక్షకు బట్టీపడతారు. ఆయన చేసిన ప్రయోగం మాత్రం అంతగా చదవరు, అది చాలా విలువైనది. రెండో ప్రపంచ యుద్ధంలో మాంసం కొరత వచ్చినప్పుడు, అమెరికా ఇల్లాళ్లు మామూలుగా ముట్టని గుండెకాయ, మూత్రపిండాల్లాంటివి వండేలా చేయాల్సి వచ్చింది. కొన్ని బృందాలకు చక్కటి ఉపన్యాసం ఇప్పించారు. మరికొన్ని బృందాల్లో ఆడవాళ్లే కూర్చుని కష్టనష్టాలు మాట్లాడుకుని, చివర్లో చేతులెత్తి నిర్ణయించుకున్నారు. తర్వాత ఆరా తీస్తే, ఉపన్యాసం విన్నవాళ్లలో వండింది 3 శాతం. మాట్లాడుకుని నిర్ణయించుకున్నవాళ్లలో 32 శాతం.

మన శిక్షణ తరగతుల్లో చాలా వరకు ఆ 3 శాతం రకానివి. నర్సు తెలియక చేయడం లేదనుకుని చెబుతారు. ఆమెకు తెలుసు. జీఎన్‌ఎం కోర్సు పేరులోనే మిడ్‌వైఫరీ ఉంది, కాన్పులు చేయడం నేర్చుకునే ఆమె రిజిస్టర్ అవుతుంది. లెవిన్ చెప్పిన ఇంకో మాట ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. ముందుకు తోసే బలం పెంచితే ఒత్తిడి పెరుగుతుంది. అడ్డుపడే బలం తగ్గిస్తే మార్పు తేలికగా జరుగుతుంది.

తెలంగాణలో ఆ అడ్డును తగ్గించే పని ఒకటి నిజంగానే మొదలైంది. 1948 నుంచి హైదరాబాద్‌లో ఉన్న ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011లో తన దగ్గరే మిడ్‌వైఫ్‌లకు శిక్షణ ప్రారంభించింది. 2017లో ప్రభుత్వం, యునిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో సర్కారు స్టాఫ్ నర్సులకు 18 నెలల కోర్సు పెట్టింది. మొదటి జట్టులో 30 మంది. మరుసటి ఏడాది కేంద్రం దేశం మొత్తానికి మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. నా దృష్టిలో ఇందులో పాఠ్యాంశాల కంటే పెద్ద సంగతి అధికారం. సాఫీగా సాగే కాన్పును మొదటి నుంచి చివరిదాకా నడిపించే హక్కు, నొప్పులు పడే మనిషిని నడిపించే, కూర్చోబెట్టే, పక్కన తోడు ఉంచే స్వేచ్ఛ నర్సు చేతికొచ్చాయి. 2017 డిసెంబరులో మొదలైన లక్ష్య కార్యక్రమం, ప్రసూతి గదిలో తర్ఫీదైన నర్సులను వేరే వార్డులకు తిప్పొద్దంది. చిన్న నిబంధనే. కానీ నెలనెలా వార్డు మారే చోట ఎంత శిక్షణైనా నిలవదు.

సర్కారు దవాఖానలో కాన్పైన తల్లులకు సాయం అందించేందుకు 2017 జూన్‌లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకం మరో రకం ప్రయోగం. సర్కారు దవాఖానలో కాన్పుల వాటా ముందటి కుటుంబ ఆరోగ్య సర్వేకూ 2019–21 సర్వేకూ మధ్య 30.5 శాతం నుంచి 49.7కు ఎగబాకింది. పేదింటికి అది పెద్ద మేలు. పెద్దాపరేషన్లు తక్కువున్న చోటికి జనం కదిలారు కాబట్టి మొత్తం రేటు తగ్గాలి. తగ్గలేదు, 57.7 నుంచి 60.7కు పెరిగింది. ప్రైవేటులోనూ సర్కారులోనూ రేటు పెరిగింది కాబట్టి. జనం ఎటు వెళ్లాలో పథకం మార్చింది గానీ, గదిలోపలి లంకెలు అలాగే ఉన్నాయి. 2022లో సహజ కాన్పులకు సిబ్బందికి ప్రోత్సాహక సొమ్ము ప్రకటించారు. వ్యవస్థను ఎక్కడ తాకితే కదులుతుందో వివరించిన డొనెల్లా మెడోస్, ఇలాంటి మొత్తాల సర్దుబాట్లను అన్నిటికంటే బలహీనమైన చోటుగా లెక్కగట్టింది. సమాచారం ఎవరికి అందుతోంది, నియమం ఎవరు పెడుతున్నారు, లక్ష్యం ఏమిటి అన్నవి అంతకంటే బలమైనవి. పైగా అవసరమైన పెద్దాపరేషన్ ప్రాణం కాపాడుతుంది. ఏ ప్రోత్సాహకమూ దాన్ని ఆలస్యం చేయకూడదు.

సమాచారం సంగతే చూడండి. చురుకైన నొప్పులు మొదలైనప్పటి నుంచి కాన్పు సాగే తీరును ఎప్పటికప్పుడు నింపాల్సిన పార్టోగ్రాఫ్‌ను కాన్పయ్యాక కూర్చుని నింపే అలవాటు చాలాచోట్ల ఉంది. అది బద్ధకమని తిట్టడం తేలిక. కానీ ఇద్దరు ముగ్గురిని ఒక్కతే చూసుకునే నర్సుకు ఆ కాగితం పైవాళ్లకు చూపించాల్సిన లెక్కే తప్ప తనకు దారి చూపించే పనిముట్టుగా అనిపించదు. గర్భాశయ ద్వారం గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత గీత 1954లో ఫ్రీడ్‌మన్ వేసిన వక్రరేఖ నుంచి వచ్చింది. అందరు స్త్రీలనూ ఆ గీతకు కట్టేయొద్దని, చురుకైన నొప్పులను 5 సెంటీమీటర్ల నుంచి లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఆ మాట రాత్రి డ్యూటీ సిస్టర్‌కూ డ్యూటీ డాక్టరుకూ ఒకేలా అందకపోతే, ఆమె ఆగుదామంటుంది, ఆయన ఆలస్యమైందంటాడు.

అనీటా టక్కర్, ఎమీ ఎడ్మండ్‌సన్ 9 ఆస్పత్రుల్లో 26 మంది నర్సుల పనిని దగ్గరుండి చూసి 2003లో ఒక వ్యాసం రాశారు. నర్సులు అడ్డంకి ఎదురైన ప్రతిసారీ అప్పటికప్పుడు ఏదో సర్దేసి రోగి దగ్గరికి పరుగెత్తేవారు. పక్క వార్డు నుంచి సామాను తెచ్చుకోవడం వంటివి. అంత చక్కగా సర్దడం వల్లే ఆస్పత్రికి లోపం కనబడేది కాదు, మర్నాడూ అదే అడ్డంకి. మన సిస్టర్ల ఓర్పును అందరూ మెచ్చుకుంటారు. ఆ ఓర్పు వెనుక ఏ లోపం దాగుందో ఆమెను అడిగేవాళ్లు తక్కువ.

అలా దాగిన లోపం ఒకటి చూడండి. తొలి కాన్పుకు పుట్టింటికి రావడం మన ఆచారం. కోదాడ అత్తారింట్లో తొమ్మిదో నెల దాకా అక్కడి ఏఎన్‌ఎం చూసిన అమ్మాయి హాలియా పుట్టింటికి వచ్చి, ముక్కూముఖం తెలియని సిస్టర్ చేతిలో కాన్పవుతుంది. ఇద్దరు నర్సుల మధ్య ఒక ఫోన్ కాల్ ఉండాల్సిన చోట ఒక కార్డు ముక్క మాత్రమే ఉంది. ఆ కాల్‌ను నియమం చేయడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. అలాంటిదే ఇంకో పనీ ఉంది. మైకేల్ రాబ్సన్ 2001లో రూపొందించిన, కాన్పులను పది గుంపులుగా విడదీసే వర్గీకరణ ప్రకారం, నెలలు నిండి, తలకిందులుగా ఉన్న ఒక్క బిడ్డతో, తమంతట తామే నొప్పులొచ్చిన తొలి కాన్పువాళ్లది మొదటి గుంపు. వాళ్లలో ఎవరెవరికి కోత పడిందో నెలకోసారి మిర్యాలగూడలోనో సాగర్‌లోనో డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలు, ఆశాలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్క కేసుగా మాట్లాడుకోవచ్చు. ముందు మాట్లాడాల్సింది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్.