డొమైన్ పరీక్ష: పోయిన తాళపుచెవుల లెక్క

కోటగోడ ఎంత బలమైనదైనా, తాళపుచెవి కావలివాని మొలనుండే జారిపోతే ఫలమేమి? ఉచితమని మనం దించుకునే దొంగ సాఫ్ట్‌వేరు వెంట లుమ్మా వంటి చోర ప్రోగ్రాములు కంప్యూటరులో ప్రవేశించి, బ్రౌజరు దాచియుంచిన పాస్‌వర్డులను, కుకీలను మూటగట్టి పరులకు పంపుతాయి. 2024లో స్నోఫ్లేక్ అనే అమెరికా సంస్థ ఖాతాదారులపై జరిగిన దాడిలో సుమారు 165 సంస్థలను హెచ్చరించవలసి వచ్చింది. అందులో వాడబడిన పాస్‌వర్డులలో అతి పాతది 2020లోనే అపహరింపబడినది. అన్నేండ్లు దానిని మార్చినవారే లేరు!

ఆస్ట్రేలియావాసి ట్రాయ్ హంట్ 2013లో నెలకొల్పిన ‘హావ్ ఐ బీన్ పోన్డ్’ సేవలో, డొమైన్ తనదేనని రుజువు చేసుకున్న సంస్థ, ఆ పేరుతో ఉన్న ఏయే ఈమెయిల్ చిరునామాలు అట్టి మూటలలో బయటపడ్డాయో చూడవచ్చు. రుజువు అడగడం సమంజసమే. లేకున్న ఆ జాబితాయే మరొక దొంగకు దారి చూపుతుంది.

పేరు కనబడగానే పాస్‌వర్డు మార్చడం చాలదు. వ్యాధి సోకిన యంత్రంలో మార్చినచో క్రొత్తదీ దొంగల పాలే. ముందు యంత్రాన్ని శుద్ధిచేసి, పిమ్మట పాస్‌వర్డు మార్చి, తెరచియున్న లాగిన్లన్నింటినీ మూయించాలి. కుకీ చేజిక్కినవానికి పాస్‌వర్డుతో పనిలేదు గదా! కళాశాల కమిటీవారు మన డొమైన్‌కు ఈ పరీక్ష చేయించవలెనని మేము కోరుతున్నాము. జాబితాలో పేరున్న విద్యార్థులను మాత్రం దోషులుగా నిలబెట్టరాదు. భయపెడితే వారు తమ కంప్యూటరును పరీక్షకే తీసుకురారు.