బైట్‌కోడు: కొన్ని అపోహలు – వాస్తవాలు

పైథాన్‌లో ప్రోగ్రాములు వ్రాయువారు తాము సృష్టింపని 'పైక్యాష్' అను ఫోల్డరొకటి తమ ఫైళ్ల నడుమ వెలయుటను, అందు 'పీవైసీ' అను తోక గల ఫైళ్లు చేరుటను చూచుచునే యుందురు. కాని వానిని విప్పి చూచినవారు అరుదు. మనము వ్రాసిన సోర్సును ఇంటర్‌ప్రెటరు తనకు అనుకూలమైన చిన్న చిన్న ఆదేశములుగ మార్చుకొని, మరల మరల ఆ శ్రమ పడనక్కఱలేకుండ అచట భద్రపఱచుకొనును. ఆ ఆదేశముల వరుసయే బైట్‌కోడు.

అపోహ: భాష యొక్కటే గనుక బైట్‌కోడును ఒక్కటే.

ఎక్స్, వై అను రెండు వేరియబుల్స్‌ను కూడి ఫలితము నిచ్చు ఫంక్షను నొకదానిని వ్రాసి, పైథాన్‌తోనే వచ్చు 'డిస్' మాడ్యూలు చేత విప్పించి చూడుడు. పైథాన్ 3.10లో నాలుగే ఆదేశములు: ఎక్స్‌ను తెచ్చు లోడ్_ఫాస్ట్, వైని తెచ్చు మఱియొక లోడ్_ఫాస్ట్, కూడునట్టి బైనరీ_యాడ్, ఫలితమును మరలించు రిటర్న్_వాల్యూ. 2022 అక్టోబరులో వెలువడిన 3.11లో అదే ఫంక్షనుకు మొదట రెజ్యూమ్ అను కొత్త ఆదేశము వచ్చి నిలిచినది, బైనరీ_యాడ్ అంతర్ధానమైనది. కూడికకు, తీసివేతకు, గుణకారమునకు వేర్వేరుగ నుండిన ఆదేశములన్నియు బైనరీ_ఆప్ అను ఒక్కదానియందు లీనము కాగా, ఏ క్రియ చేయవలెనో దాని వెంట నుండు సంఖ్య తెలుపును. అంతియే కాక, దాని ప్రక్కనే క్యాష్ అను చిన్న చోటొకటి ఏర్పడినది. ఇంటర్‌ప్రెటరు అందు లెక్క వేసికొనుచు, మాటిమాటికి పూర్ణసంఖ్యలే వచ్చుచున్నవని కనిపెట్టెనేని, ఆ ఆదేశమునే పూర్ణసంఖ్యల కూడికకు ప్రత్యేకించిన రూపమునకు ప్రోగ్రాము నడుచుచుండగనే మార్చివేయును. 3.13కు వచ్చుసరికి ఆ రెండు లోడ్_ఫాస్ట్‌లును ఏకమై ఒకే ఆదేశమైనవి. ఇంతలో మన సోర్సునందు ఒక్క అక్షరమైనను మారలేదు సుమా!

ఆదేశముల కొలతయు స్థిరము కాదు. 3.5 వఱకు ఒక్కొక్కటి 1 గాని 3 గాని బైట్లు ఆక్రమించుచుండగా, 3.6 నుండి అన్నియు 2 బైట్లకు కుదురుకొన్నవి.

అపోహ: 'బ్యాడ్ మ్యాజిక్ నంబర్' అని వచ్చినచో ఫైలు చెడినట్లే.

చాలవఱకు చెడలేదు, అన్యుని చేతిలో పడినది, అంతే. ప్రతి పీవైసీ ఫైలు తొలి రెండు బైట్లలో అది ఏ వెర్షనుకు చెందినదో తెలుపు మ్యాజిక్ సంఖ్య యుండును: 3.10కి 3439, 3.11కి 3495, 3.12కి 3531. తరువాతి రెండు బైట్లు పంక్తి ముగింపును సూచించు గుర్తులు. ఫైలును పొరపాటున టెక్స్టుగ భావించి పంపినచో ఆ గుర్తులు మారి, దోషము వెంటనే బయటపడును. ఎవరికి తోచినదో గాని, మెచ్చదగిన యుక్తి. సోర్సు దొరకుచున్నంత కాలము సంఖ్య కుదరకున్నను ఇంటర్‌ప్రెటరు నోరు మెదపక మరల కంపైలు చేసికొనును. సోర్సు లేక పీవైసీ మాత్రమే యున్నప్పుడే ఈ ఫిర్యాదు వినబడును. ఒకే శ్రేణిలోని చిన్న సవరణల నడుమ ఈ సంఖ్య మారకుండుట ఆచారమే యైనను, 3.5 శ్రేణి నడుమ ఒక దోషమును దిద్దుటకై 3350ని 3351గా మార్చవలసి వచ్చినది.

అపోహ: పాత బైట్‌కోడును జావా వలె కొత్త వెర్షనులో పైథాన్ నడపలేకపోవుట లోపము.

జావా తన బైట్‌కోడును దాచు క్లాస్ ఫైలులోను వెర్షను సంఖ్య కలదు: జావా 8కి 52, జావా 17కి 61. పాత క్లాస్ ఫైలు కొత్త వెర్షను జావా వర్చువల్ యంత్రమున నడచును. కొత్తది పాతదానిపై నడువక 'అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్' పుట్టును. అచట బైట్‌కోడు ప్రచురిత నిర్దేశమునకు లోబడినది, అనగా రిజిస్టరు చేసిన దస్తావేజు. పైథాన్ బైట్‌కోడు వర్తకుడు తనకొఱకు వ్రాసికొన్న చిట్టా. వెర్షనులు మారినప్పుడు ఆదేశములు చేరవచ్చును, తొలగవచ్చును, మారవచ్చునని పైథాన్ పత్రములే నిస్సంకోచముగ ప్రకటించుచున్నవి. ఆ స్వేచ్ఛ వ్యర్థము కాలేదు: 3.11 తన పూర్వవెర్షను కంటె ప్రామాణిక పరీక్షలలో సగటున 1.25 రెట్లు వేగము చూపెనన్నచో, అందు పైని చెప్పిన క్యాష్ పద్ధతికి గొప్ప భాగము కలదు. జావా మాట నిలుపుకొన్నందులకు మూల్యమును చెల్లించుచునే యున్నది. జావా 7 నాటి క్లాస్ ఫైళ్లనుండి నిషేధించిన జేఎస్ఆర్, రెట్ అను ఆదేశములను, పాత ఫైళ్ల కొఱకు యంత్రము నేటికిని మోయవలసి యున్నది. రెండును యోచించి చేసిన నిర్ణయములే. ఒకదానిని లోపమనుట నాకు న్యాయముగ తోచదు.

అపోహ: పీవైసీ నుండి నడిపిన ప్రోగ్రాము వేగముగ నడచును.

వేగముగ లోడగును, నడక మాత్రము ఒక్కటే.

అపోహ: పీవైసీ మాత్రమే ఇచ్చినచో సోర్సు రహస్యముగ నుండును.

పోవునవి వ్యాఖ్యలు మాత్రమే. ఫంక్షనుల పేర్లు, వేరియబుల్స్ పేర్లు, కొటేషనుల నడుమ నుంచిన పాఠములు, పాస్‌వర్డు వ్రాసి యుంచిన పక్షమున అదియును, యథాతథముగ నిలుచును. శేషమును డీకంపైలరులు చాలవఱకు పునర్నిర్మించును. వెర్షను మారినప్పుడెల్ల ఆ డీకంపైలరులు కొంతకాలము వెనుకబడుట నిజమే గాని, ఆ జాప్యమును రక్షణగ లెక్కింపరాదు. పైగా, 3.11లో చేసిన పీవైసీని మాత్రమే పుచ్చుకొన్న కొనుగోలుదారుడు తన కంప్యూటరున 3.12ను స్థాపించుకొన్న నాడు ప్రోగ్రాము కదలదు. సోర్సు కొఱకు అతడు మరల మన తలుపే తట్టవలసివచ్చును.