కుక్కకు జీపీఎస్ పట్టీ కొంటున్నారా?

పెన్నాగరం దాటి హొగేనకల్ దారి పట్టామంటే అడవే. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల అడవుల్లో 686 చదరపు కిలోమీటర్లను 2022లో కావేరి దక్షిణ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ఏనుగులు, చిరుతలు తిరిగే చోటు. మేకల వెంట పోయిన కుక్క పొద్దుగూకినా రాకపోతే ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. జీపీఎస్ పట్టీ కొంటే పోలా అనిపిస్తుంది. కొనండి, కానీ చూసి కొనండి.

ఉపగ్రహాల సంకేతాన్ని బట్టి తానెక్కడుందో పట్టీకి తెలుస్తుంది, అంతే. ఆ కబురు మన ఫోనుకు చేర్చేది చాలా పట్టీల్లో సిమ్ కార్డే. టవర్ అందని లోయలోకి కుక్క దిగితే ఫోనులో పాత చోటే కనబడుతుంది. అందుకని మేకలు మేసే చోటికి ఫోను తీసుకెళ్లి, ఏ కంపెనీ సిగ్నల్ అందుతోందో చూసి ఆ సిమ్మే వేయండి. 2జీ మాత్రమే ఉన్న పట్టీలో జియో సిమ్ పని చేయదు. నెలనెలా రీచార్జి ఖర్చూ లెక్కేసుకోండి.

బ్లూటూత్ బిళ్లలు చవకే గానీ, దగ్గర్లో ఫోన్లుంటేనే పనికొస్తాయి. అడవిలో దండగ. రేడియోతో నడిచే విదేశీ పట్టీలకు టవర్ అక్కర్లేదు, కానీ లైసెన్సు సంగతి తెలుసుకోకుండా డబ్బు పెట్టొద్దు.

ఎంత తరచుగా కబురు పంపితే చార్జింగ్ అంత తొందరగా అయిపోతుంది. నీళ్లలో తడిసినా చెడనిదే తీసుకోండి. మెడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. పట్టీ మీద మీ ఫోన్ నంబరు రాయండి. రేబిస్ టీకా మాత్రం మరవొద్దు.

ఫోనులో చుక్క కనబడింది కదా అని రాత్రిపూట అడవిలోకి పోకండి. ఫారెస్టు వాళ్లకు చెప్పి, తెల్లారాక వెతకండి. చుక్క కుక్కను చూపిస్తుంది, పక్కనున్న ఏనుగును చూపించదు.