అందరూ కలిసి ఆగితే పని చెడదు

వేరుశనగ చేలో కలుపు తీసే ఆడోళ్లను చూడండి. పొద్దున వంచిన నడుము సద్ది పొద్దు దాకా ఎత్తరు. ఒకామె ఆగితే సాలు వెనకబడుతుంది, పక్కామె ఏమనుకుంటుందోనని జంకు. రైతుకేమో కూలి దండగ అవుతుందని దిగులు. కాబట్టి ఆగేదేదో అందరూ ఒకేసారి ఆగాలి.

కర్నూలు, కడప ఎండల సంగతి మీకు చెప్పనక్కర లేదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు.

పని తగ్గదా?

ఎల్ సాల్వడార్ దేశంలో 2015 ప్రాంతంలో చెరకు నరికే కూలీలకు నీళ్లు, నీడ, మధ్య మధ్య విరామం ఏర్పాటు చేసి చూశారు. మనిషి రోజుకు నరికే చెరకు 5.1 టన్నుల నుంచి 7.3 టన్నులకు పెరిగింది. కత్తులు కూడా మంచివి ఇచ్చారనుకోండి. అయినా ఆగినందువల్ల పని తగ్గలేదని తేలింది కదా!

ఇట్లా చేయండి

* గంటకోసారి అందరినీ పిలిచే పని ఒకరికి అప్పజెప్పండి. అయిదు నిమిషాలు చాలు.
* అందరూ లేచి, నడుముపై చేతులు పెట్టి మెల్లగా వెనక్కి వంగండి. భుజాలు తిప్పండి. గెనెం వెంట నాలుగడుగులు నడవండి.
* ఎండలో పని చేసేటప్పుడు ఇరవై నిమిషాలకోసారి గ్లాసెడు నీళ్లు తాగాలి. దప్పిక అయ్యేదాకా ఆగొద్దు.
* మిట్ట మధ్యాహ్నం పని మాని యాపచెట్టు కింద కూర్చోండి. చెట్టు లేకుంటే నాలుగు గుంజలు నాటి పాత చీర కట్టండి.
* మరుగు లేదని ఆడోళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. చేని మూల ఒక తడిక కట్టించడం రైతు బాధ్యత.

చెమట ఎక్కువ పోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగించండి. చెంచా చిన్నది, తలకొట్టి కొలవాలి.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే వడదెబ్బే. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసరండి. 108కి ఫోను చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

గుత్త పనిలో ఎవరూ ఆగరు. అందుకే బేరం కుదిరిన రోజే విరామం మాట కూడా అనుకోండి. ముయ్యికి పోయేవాళ్లకు ఇది ఇంకా తేలిక. ఈ రోజు మీ చేలో ఆమెకు నీడ ఇస్తే, రేపు ఆమె చేలో ఆ నీడ మీదే.