పొదుగువాపు – మందునకు లొంగని సూక్ష్మజీవులు

మా విద్యార్థులలో పలువురు తెల్లవారకమునుపే ఆవుల పాలు పితికి, సంఘమునకు పోసి, తరువాత బడికి వచ్చువారే. పొదుగువాపు వారికి క్రొత్త మాట కాదు. పొదుగు గట్టిపడి వేడెక్కును. పాలు విరిగినట్లు తరకలు కట్టును. ఆవు చేయి తాకనీయదు. మొన్న ఒక బాలుడు తరగతిలో మమ్మిట్లడిగెను: "వెనుక పనిచేసిన సూదిమందే ఈసారి ఏల పనిచేయలేదండీ?" వారి ఆవునకు ఇప్పుడొక చన్ను పాలీయదట. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

ఈ రోగమునకు పెక్కు సూక్ష్మజీవులు కారణములు. వానిలో స్టెఫిలోకాకస్ ఆరియస్ అనునది మిక్కిలి మొండిది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నది స్టెఫిలోకాకస్ జాతిని పెంచుచున్న గాజుపళ్లెములోనే. తక్కువ మోతాదు వాడినచో సూక్ష్మజీవులు మందును తట్టుకొనునని 1945లో, నోబెల్ బహుమాన సందర్భమున, ఆయనయే హెచ్చరించెను.

మందు సూక్ష్మజీవికి ఓర్పు నేర్పునని కొందరు తలతురు. అది సరి కాదు. కోట్లకొలది సూక్ష్మజీవులలో మందును తట్టుకొనగలవి ఏ కొన్నియో యుండును. కొన్ని పెన్సిలినేజ్ అను పదార్థమును పుట్టించి మందునే విరిచివేయును. మందు తక్కినవానిని చంపి వీనికి చోటు కల్పించును. చేనిలో మెత్తని గడ్డినెల్ల పీకి తుంగను విడిచినట్లే; కొలదినాళ్లకు చేనంతయు తుంగయే. అంతియకాక, ఈ శక్తినిచ్చు జన్యువులను ఒక సూక్ష్మజీవి మరియొకదానికి అందీయగలదు.

అయితే మందు పనిచేయనప్పుడెల్ల ఇదియే కారణమనరాదు. ఈ సూక్ష్మజీవి పొదుగు కణములలో దాగియుండును. అచ్చటికి మందు చాలినంత చేరదు. పాల నమూనాను ప్రయోగశాలకు పంపినచో, అందలి సూక్ష్మజీవులను పెంచి, వేర్వేరు మందులద్దిన కాగితపు బిళ్లలనుంచి, దేనిచుట్టు అవి పెరుగవో చూచి తగిన మందును చెప్పుదురు.

ఇది ఆవుతో ముగియు విషయము కాదు. మందు పాలలోనికి దిగును. అట్టి పాలు తోడుపెట్టినను సరిగా తోడుకొనవు. పెరుగునకు కావలసిన మేలి సూక్ష్మజీవులును నశించుటయే కారణము. 2011లో ఇంగ్లండులో మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ ఆరియస్ యొక్క క్రొత్త రూపమొకటి పాల నమూనాలలో బయటపడెను, మనుష్యులలోను కనబడెను. మనుష్యులకు కడపటి ఆధారమైన కొలిస్టిన్‌ను ఆహారమునకై పెంచు పశువులకు వాడరాదని భారత ప్రభుత్వము 2019లో నిషేధించెను.

విద్యార్థులారా, ఈ మాటలు మీ యింటివారికి చెప్పుడు. పశువైద్యుడు చెప్పిన మందునే, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని దినములు వాడవలెను. పొరుగింట మిగిలిన మందు తెచ్చి వాడరాదు. వైద్యుడు చెప్పిన గడువు తీరువరకు ఆ పాలు సంఘమునకు పోయరాదు. పితుకుటకు ముందు చేతులను, చన్నులను కడిగి తుడువవలెను. జబ్బుపడిన ఆవును అన్నిటికంటె చివర పితుకవలెను. పితికిన వెంటనే చన్ను రంధ్రము పూర్తిగా మూసుకొనదు. కావున మేత వేసి ఆవును అరగంటసేపు నిలువనీయవలెను. రోగమే రానిచో మందుతో పని లేదు. మందు వాడనిచోట లొంగని సూక్ష్మజీవికి చోటును తక్కువ.